సున్నాకు కుడివైపు

మా ల్యాబులో ఖాళీ చోటుకు కూడా సంతకం పెట్టాలి. కాగితం మీద రాయగా మిగిలిన చోటు ఉంటే దాన్ని అలా వదలకూడదు. మూల నుంచి మూలకు అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. తర్వాత ఎవరూ అందులో ఏదీ ఇరికించకుండా ఈ ఏర్పాటు. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీల్లో ఇది మామూలే. జగ్గయ్యపేట పక్కన మా ఫ్యాక్టరీలో చేరిన మొదటి ఏడాది నేను గీసిన అడ్డగీతలన్నీ వరసగా పెడితే నందిగామ దాకా వస్తాయని నవ్వుకునేదాన్ని. కలిసి నవ్వడానికి పక్కన ఎవరూ లేరు, అది వేరే సంగతి.

నేను చూసుకునేది ఒక పెద్ద అయస్కాంతాన్ని. నిలువెత్తు స్టీలు పీపాలా ఉంటుంది. లోపల చుట్టలు చుట్టిన తీగ, దాన్ని చల్లగా ఉంచడానికి ద్రవ హీలియం, దాని చుట్టూ ద్రవ నైట్రోజన్. వారం వారం నైట్రోజన్ పొయ్యాలి. మరిచిపోతే చంటిపిల్లకి పాలు మరిచినంత గొడవ. ఆ గది నేల మీద ఎర్ర టేపుతో ఒక గీత ఉంది. ఇనుముతో ఆ గీత దాటకూడదు. తాళంచెవులు, ఫోన్లు, వాచీలు, బ్యాంకు కార్డులు బయట ట్రేలో పెట్టి రావాలి. ఆడవాళ్ళకి ఇంకొకటి ఉంది, పిన్నీసులు. కుచ్చిళ్ళకొకటి, భుజానికొకటి, అవసరానికి ఉంటాయని గాజులకు తగిలించుకున్నవి రెండో మూడో. వాటికోసం తలుపు పక్కన ఒక స్టీలు సాసరు పెట్టాను. అంతా మగవాళ్ళే ఉన్న ఆ బ్లాకులో చాలాకాలం ఆ సాసర్లో నా పిన్నీసులే ఉండేవి.

ఆ యంత్రం చేసే పని చెప్పడం తేలికే. కార్బన్‌లో నూటికొకటి చొప్పున ఒక రకం కేంద్రకాలుంటాయి. అవి బుల్లి అయస్కాంతాల్లాంటివి. పెద్ద అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగంతో పలకరిస్తే తిరిగి పలుకుతాయి. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు ఒక్కో కేంద్రకానికీ ఎంత నీడ ఇస్తాయో దాన్నిబట్టి ఆ పలుకు మారుతుంది. కాగితం మీద ఒక్కో కార్బన్‌కి ఒక్కో నిలువు గీత వస్తుంది. దాన్ని మేం పీక్ అంటాం. ఎండలో ఉన్నవి ఎడమవైపు, నీడలో ఉన్నవి కుడివైపు. కుడి చివర సున్నా, అది పోల్చుకోవడానికి పెట్టుకున్న గుర్తు. మేం చేసే మందుల్లో కార్బన్లన్నీ ఎడమనున్న రెండు వందలకూ ఈ సున్నాకూ మధ్యే పడతాయి. సున్నాకు కుడివైపు ఏమీ ఉండదు. ఏమీ ఉండని ఆ నాలుగు వేళ్ళ వెడల్పు చోటుకి రోజుకు ముప్పై కాగితాల మీద అడ్డగీత, సంతకం, తేదీ.

చేరిన రెండో ఏడాది నేనొక తెలివైన పని చేశాను. ప్రింటు సున్నా దగ్గరే ఆగిపోయేలా కంప్యూటర్లో పేజీని కత్తిరించి పెట్టాను. ఇక ఖాళీ లేదు, గీత లేదు, సంతకం లేదు. మా మేనేజరు మెచ్చుకున్నారు. నా పనుల్లో ఆయన నోరారా మెచ్చుకున్నది అదే మొదటిది.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. నా సిగ్గంతా అందులోనే ఉంది. పీహెచ్‌డీకి నేను తీసుకున్నది సరిగ్గా ఈ నీడ లెక్కే. తేలిక పరమాణువు పక్కన బరువైన పరమాణువు వచ్చి కూర్చుంటే తేలికదాని కేంద్రకం మీద ఎంత నీడ పడుతుందన్నది నా ప్రశ్న. అయోడిన్‌నే తీసుకోండి. దాని కేంద్రకం బరువు, అందులో విద్యుదావేశం ఎక్కువ. దానికి దగ్గరగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతి వేగంతో పోల్చి చెప్పుకోదగ్గంత జోరుగా పరిగెడతాయి. అంత జోరులో ఎలక్ట్రాన్ తిరుగుడూ దాని సొంత అయస్కాంత గుణమూ వేటికవిగా ఉండలేవు, ఒకదాన్నొకటి లాగుతాయి. ఆ లాగుడు బంధం గుండా పక్కనున్న కార్బన్ దాకా వెళ్ళి, దాని కేంద్రకం మీద కొత్తగా నీడ పరుస్తుంది. పక్కింట్లో పిండిమర ఆడితే మన ఇంట్లో అటక మీద గిన్నెలు గలగలలాడినట్టు. గిన్నెల్ని ఎవరూ ముట్టుకోలేదు, మధ్యలో ఉన్నది గోడ ఒక్కటే.

అందుకే అయోడిన్ పక్కనున్న కార్బన్ మామూలుగా ఉండవలసిన చోట ఉండదు. కుడికి, ఇంకా కుడికి జరుగుతుంది. నాలుగు అయోడిన్లు తగులుకున్న కార్బన్ అయితే సున్నా దాటి అవతల మూడు వందలకు దగ్గరగా పోతుంది. అలాగని బరువైనవన్నీ నీడే ఇస్తాయని కాదు. సీసం, థాలియం లాంటివి కొన్ని స్థితుల్లో పక్కదాన్ని ఎండలోకి నెడతాయి. అదే బరువు, అదే జోరు, ఫలితం మాత్రం తలకిందులు. ఇది నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం. హైదరాబాదులో ఐదేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కగట్టాను. ఒక్కసారి కూడా అలాంటి పదార్థాన్ని చేత్తో పట్టుకోలేదు, ఆ పీక్‌ని కళ్ళతో చూడలేదు. లెక్క మాత్రం బాగా వచ్చేది.

చదువయ్యాక యూనివర్సిటీల్లో నాకోసం ఎవరూ కుర్చీ ఖాళీ చేసి పెట్టలేదు. మాది వత్సవాయి వైపు. సొంత ప్రాంతమని ఈ ఫ్యాక్టరీలో చేరి, జగ్గయ్యపేటలో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. ఇప్పటికీ అందులోనే ఉన్నాను. పెళ్ళి కాలేదు. కాలేదనడం కన్నా కుదరబోయినప్పుడల్లా నా నోరు అడ్డొచ్చిందనడం నిజం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అంటూనే ఉండేది. ఫ్యాక్టరీలో నా వెనక పేరు అయస్కాంతం మేడం అని తెలిసింది. అయస్కాంతానికి ఏదో ఒకటి వచ్చి అతుక్కోవాలి కదా, నన్ను చూస్తే మనుషులు టీ గ్లాసులు పట్టుకుని పక్కదారిన పోయేవారు.

అలాంటి రోజుల్లో ఆ అమ్మాయి వచ్చింది. కొత్త పదార్థాలు తయారుచేసే సెక్షన్‌లో ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. చందర్లపాడు దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి లేడు. తల్లి మిరపకాయ కోతలకు వెళ్ళి ఎమ్మెస్సీ దాకా చదివించింది. తల్లీ కూతుళ్ళిద్దరూ నందిగామలో ఒక గదిలో ఉండేవారు. మొదటిసారి శాంపిల్ ట్యూబు పట్టుకుని నా గదికి వచ్చిన రోజు, ఎవరూ చెప్పకముందే తలుపు దగ్గర ఆగింది. చున్నీకున్న రెండు పిన్నీసులు, గాజులకున్న మూడు తీసి సాసర్లో వెయ్యబోయి, నా వైపు చూసింది.

"మీవీ ఇందులోనే ఉన్నాయి మేడం. కలిసిపోతాయేమో."

"కలిస్తే ఏమైంది, ఇనుమేగా" అన్నాను.

వెళ్ళేటప్పుడు నావి నాకు, తనవి తనకు చక్కగా ఏరింది. ఎలా గుర్తుపట్టావంటే, మీ పిన్నీసులు వంకర మేడం, మీరు విసురుగా పెట్టుకుంటారనుకుంటా, అంది. నా ముఖం మీద నా కోపం గురించి అలా నవ్వుతూ అన్న మనిషి నాకు అంతవరకూ తగల్లేదు. పదిహేను రోజుల్లో మేడం పోయి అక్క వచ్చింది.

కార్బన్ పరీక్షకు టైము పడుతుంది. ఒక్కోసారి గంట, పదార్థం తక్కువైతే ఇంకా ఎక్కువ. ఆ గంట బయట స్టూళ్ళ మీద కూర్చుని డబ్బాలు తెరిచేవాళ్ళం. తను తెచ్చే గోంగూరలో కారం చూస్తే నాకు కళ్ళ నీళ్ళు. "కోసిన చేతులే నూరాయక్కా, అలాగే ఉంటది" అనేది. సీజన్లో వాళ్ళమ్మ పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి, మంటలెత్తే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చుంటుందని చెప్పింది. తనకు ఉన్న కోరిక ఒక్కటే. పర్మనెంట్ చేస్తే, అమ్మ చేత కోతలు మానిపించాలి. ఆ మాట వారానికి రెండుసార్లైనా చెప్పేది, ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు చెప్పేది. నేను విసుక్కోకుండా విన్న మాట నా జీవితంలో అదొక్కటేనేమో.

కాంట్రాక్టు ఇంకా రెండు నెలలుందనగా ఆమె ఒక కొత్త దారి కనిపెట్టింది. అప్పటిదాకా ఏడు అంచెల్లో చేస్తున్న ఒక మందుని ఐదు అంచెల్లో చెయ్యొచ్చు. మధ్యలో ఒక పదార్థం వస్తుంది. అందులో ఒక కార్బన్‌కి ఒకవైపు మూడు బంధాలు, రెండోవైపు అయోడిన్. ఆ పదార్థం నిజంగా అదేనని తేలితే ట్రయల్ బ్యాచ్ ఆమె చేతికే ఇచ్చి పర్మనెంట్ చేస్తామని మేనేజరు అన్నారు. తేల్చవలసింది నేను. శాంపిల్ తెచ్చి ఇచ్చేటప్పుడు ఆమె ట్యూబుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది. ట్యూబు పగలగొట్టేవు, అని కసిరాను. ప్రేమగానే కసిరాను.

మర్నాడు ప్రింటు తీసి లెక్కపెట్టాను. పదకొండు కార్బన్లు రావాలి, పది వచ్చాయి. కనబడనిది అయోడిన్ పక్కన ఉండవలసినది. బరువైనది పక్కనుంది కాబట్టి కుడికి జరుగుతుందని నాకు తెలుసు, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది. తొంభై దగ్గర దాని జత కార్బన్ ఉంది. అక్కణ్ణుంచి సున్నా దాకా స్కేలు పెట్టి అంగుళం అంగుళం చూశాను. లేదు. కాగితం సున్నా దగ్గర అయిపోయింది. ఆ కాగితాన్ని అక్కడ కత్తిరించింది నేనేనన్న సంగతి నా బుర్రలోకి రాలేదు. అప్పటికి మూడేళ్ళుగా కాగితాలు అలాగే వస్తున్నాయి, సున్నాతోనే లోకం ఆగిపోతుందని కళ్ళకి అలవాటైంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేనైతే ఊరిని కూడా ముందుగానే సగం కోసి పారేశాను.

అణువుల బరువు తూచే యంత్రం ఇంకొకటి ఉంది, అందులో చూస్తే అయోడిన్ ఊడిపోయి మిగతా ముక్క ఒక్కటే కనబడింది. కాబట్టి తీర్పు నా కాగితం మీదే ఆగింది. సంగతి విని ఆమె నా గదికి వచ్చింది. అంత కంగారులోనూ పిన్నీసులు తీసి సాసర్లో వేశాకే లోపలికి వచ్చింది.

"ఒక్కసారి మళ్ళీ చూడండక్కా. ఉంటది."

"ఎక్కడ చూడమంటావ్? కాగితం నీ ముందే ఉందిగా."

"కాగితం కాదక్కా, కంప్యూటర్లో మొత్తం తెరిచి చూడండి. నేను నాలుగుసార్లు చేసా. ప్రతిసారీ ఒకేలా వచ్చింది. తప్పు పోయే అవకాశం లేదు."

"నాకు నేర్పుతున్నావా? ఐదేళ్ళు ఈ ఒక్కదాని మీదే కూర్చున్నా నేను. ఉంటే నాకు కనపడకుండా పోద్దా?"

ఆమె ఎర్ర గీత దగ్గర ఒక్క క్షణం నిలబడి, జారిపోతున్న చున్నీని చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. పిన్నీసులు తీసుకోలేదు. తర్వాత తీసుకుంటుందిలే అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, నేను పట్టిన కాగితానికి పదే కార్బన్లు.

ఆ వారం మీటింగులో మేనేజరు నన్ను అడిగారు, ఏమంటారు మేడం అని. ఆమె బల్లకి అవతలి కొసన కూర్చుని ఉంది. "కనపడనిదాన్ని ఉందని నేను రాయలేనండి" అన్నాను. చాలా నిక్కచ్చిగా ఉన్నాననుకున్నాను. "డాక్టరు గారు దీని మీదే పీహెచ్‌డీ చేసారు, ఇంక మనం మాట్లాడేదేముంది" అని ఆయన ఫైలు మూసేశారు. ఆమె నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. చివరి రోజున అన్ని సెక్షన్లకూ వెళ్ళి అందరికీ చెప్పి వెళ్ళిందట. సెక్యూరిటీ అతనికి కూడా చెప్పిందట. నా గదికి రాలేదు. నాకు కోపం వచ్చింది. నిజం రాసినందుకు అలిగిందని రెండు మూడు వారాలు నాలో నేనే ఆమెని దెప్పాను. తర్వాత కోపం పోయింది, ఇంకేమీ రాలేదు. స్టూళ్ళు రెండూ అక్కడే ఉండేవి. నేను డబ్బా నా బల్ల దగ్గరే తెరుచుకోవడం మొదలుపెట్టాను. ఐదు పిన్నీసులు సాసర్లోనే ఉన్నాయి. ఊడ్చేవాళ్ళు ఒకసారి వాటిని పారెయ్యబోతే కేకలేశాను. ఎందుకు కేకలేశానో వాళ్ళకి తెలియదు, నేను చెప్పలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒంటరితనం గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ ఉండదు. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, ఒక్క మనిషికి సరిపడా కూరగాయలు అడిగితే కొట్టువాడు అర కిలో కన్నా తూచనంటే వాడితో తగువు, వండిన కూర మూడు పూటలు తినడం. ఇంటావిడ కింది నుంచి కేకేసి మోటారు వేశానని చెబుతుంది. కొన్ని ఆదివారాలు అదే నాతో ఎవరైనా మాట్లాడిన ఒకే ఒక మాట. నాకు ఆమె గుర్తొచ్చేది. కానీ నేను ఒప్పు, ఆమె తప్పు. ఆ లెక్క మారనంత వరకూ వెళ్ళి పలకరించడానికి నా మనసు ఒప్పుకోలేదు.

మొన్న వేసవికి ముందు మా ల్యాబులో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. పాత పరీక్షల ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కించాక, ఏడాదికి కొన్ని చొప్పున తెరిచి పాత ప్రింటుతో పోల్చి, సరిగ్గా వచ్చాయని రాసి సంతకం పెట్టాలి. ఏ నంబర్లు తెరవాలో పైనుంచి లిస్టు వచ్చింది. ఒక మధ్యాహ్నం, అన్నం తిని వచ్చి, లిస్టులో తర్వాతి నంబరు తెరిచాను. ఎడమ చేతిలో పాత ప్రింటు. దాని మీద నా చేతిరాత చూశాకే అది ఎవరి శాంపిలో తెలిసింది. పది కార్బన్లు, ఒకటి లేదు, నా సంతకం.

కొత్త కంప్యూటర్లో నా కత్తిరింపు లేదు. యంత్రం విన్నదంతా తెర మీద పరుచుకుంది, ఈ చివర నుంచి ఆ చివరికి. సున్నాకు కుడివైపు, కొంచెం అవతల, ఏదో ఉంది. దుమ్మనుకుని తెర తుడిచాను. పోలేదు. యంత్రం రొదకి పడ్డ గీత అనుకుని పెద్దది చేసి చూశాను. సన్నగా, పొట్టిగా, నిటారుగా ఒక పీక్. సున్నాకు ఆరు దిగువన. మూడు బంధాల చివర, అయోడిన్ నీడలో ఉన్న కార్బన్ సరిగ్గా అక్కడే ఉంటుందని నా థీసిస్‌లో నేనే లెక్కగట్టాను. జీవితంలో మొదటిసారి కళ్ళతో చూశాను.

ఆ పదకొండో కార్బన్ ఇన్నేళ్ళూ ఫైల్లోనే ఉంది. తెరిచి చూస్తే ఒక్క నిమిషం పని. ఆమె చెయ్యమన్నది ఆ ఒక్క నిమిషం పనే.

మేనేజరుకు చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. "ఆ ప్రాజెక్టే లేదిప్పుడు మేడం. ఆ అమ్మాయి కూడా లేదు. ఇప్పుడు బయటికి తీస్తే విచారణలు, కాగితాలు. మీకే ఇబ్బంది" అన్నారు. "తప్పు రిపోర్టు నా సంతకంతో ఉందండి" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని ఆయన మొహం మీద రాసి ఉంది. ఆ చేతులు నావి కావు, అదే నా బాధ.

ఆదివారం నందిగామ బస్సెక్కాను. ఒక కాగితంలో ఆ ఐదు పిన్నీసులు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. చిల్లకల్లు దాటాక రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు కొట్టి బస్సులో సగం మంది తుమ్మారు. నేను ఏం చెప్పాలో మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను. ఎలా పేర్చినా అందులో నా పీహెచ్‌డీ వచ్చి కూర్చుంటోంది. చివరికి అన్నీ వదిలేశాను.

ఆమె అదే గదిలో ఉంది. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోందని ముందే విన్నాను. మంచం మీద పరీక్ష పేపర్లు పరుచుకుని దిద్దుతోంది. కళ్ళజోడు వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"రండి మేడం" అంది.

ఆ మాటతో, వదిలేశాననుకున్న వాక్యాల్లో నాలో ఇంకా మిగిలినవి కూడా పోయాయి. కుర్చీలో పేపర్లు తీసి కింద పెట్టి నన్ను కూర్చోబెట్టింది. టీ పెట్టింది. పంచదార ఒక చెంచానే వేసింది, నాకు ఎంత కావాలో మరిచిపోలేదు. అమ్మ ఎలా ఉందని అడిగాను.

"కోతకెళ్ళింది మేడం. ఆఖరి కాయ కదా, ఈ వారం ఆదివారం కూడా ఉంది."

చెప్పేశాను. ఫైలు తెరిచానని, పీక్ ఉందని, సున్నాకు ఆరు కింద ఉందని, పేజీని అక్కడ కత్తిరించింది నేనేనని. నువ్వు చేసింది మొదటి నుంచీ సరైనదేనమ్మా, నేనే చూడలేదు, అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె వింటూ ఎర్ర పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఉంటదని నాకు తెలుసు మేడం" అంది.

"నీ రిపోర్టు మార్చి రాస్తాను."

"ఇప్పుడది నాకెందుకు మేడం."

నిజమే. అప్పటి పర్మనెంటు ఉద్యోగం ఇప్పటి కాగితంతో రాదు. వాళ్ళమ్మ ఇన్ని సీజన్లు కోసిన కాయ తిరిగి చెట్టుకి అంటుకోదు. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి మొదలుపెట్టింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"మీరు లేదని రాసినందుకు కాదు మేడం. లెక్క ఎవరికైనా తప్పుతది. నేను రోజూ పిల్లల పేపర్లు దిద్దుతున్నా కదా, నాకూ తప్పుతున్నాయి. కానీ పిల్లలెవరన్నా మళ్ళీ చూడండి మేడం అంటే చూస్తున్నా. ఆ ఫ్యాక్టరీ మొత్తంలో భయం లేకుండా ఒక మాట అడగగలిగింది మిమ్మల్నొక్కర్నే అనుకున్నా. మళ్ళీ చూడండక్కా అని అడిగా. అడిగింది నేను. మీరు చూడలేదు."

నా థీసిస్ నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. బరువైనది పక్కనుంటే తేలికదానికి నీడ పడుతుందని మొదటి మూడు అధ్యాయాలు. ఎండలోకి నెట్టడం గురించి నాలుగోది. ఆమె నా పక్కన స్టూలు మీద కూర్చున్న రోజుల్లో నేను నీడనిచ్చే మొదటి రకం అనుకున్నాను.

పిన్నీసుల పొట్లం ఇచ్చాను. విప్పి చూసింది. ఇంకా ఉంచారా, అంది. ఒక్కటి వేళ్ళ మధ్య తిప్పి చూసి, మిగతా వాటితో పాటు కిటికీ అంచు మీద పెట్టింది. గాజులకు తగిలించుకోలేదు. బస్టాండు దాకా వస్తానంది, వద్దన్నాను. గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళండి మేడం, అంది. మాటలో ఎక్కడా మర్యాద తగ్గలేదు. దారంతా నన్ను కుదిపేసింది ఆ మర్యాదే.

సోమవారం పాత రిపోర్టు తీశాను. మా దగ్గర తప్పుని కొట్టెయ్యడానికి కూడా ఒక పద్ధతి ఉంది. పిచ్చిగీతలు గీకకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింద అక్షరాలు చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, కారణం రాయాలి. దిద్దుకోవచ్చు గానీ దాచుకోకూడదు. పది మీద ఒక గీత గీసి పదకొండు అని రాశాను. కారణం గడిలో రెండు వాక్యాలు రాశాను. ప్రింటు పేజీని సున్నా దగ్గర నేను కత్తిరించడం వల్ల. పదార్థం చేసిన వ్యక్తి మళ్ళీ చూడమని అడిగినా నేను చూడకపోవడం వల్ల.

మేనేజరు చదివి, రెండో వాక్యం అవసరం లేదేమో మేడం, అన్నారు. అదే కారణమండి, మొదటిది సందర్భం మాత్రమే, అన్నాను. ఆయన సంతకం పెట్టారు. ఆ తర్వాత విచారణ జరిగింది, నాకొక హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. నేను దాన్ని చక్కగా ఫైల్లో పెట్టుకున్నాను.

ప్రింటు ఇప్పుడు సున్నా దాటి అవతల యాభై దాకా వస్తుంది. రోజుకు ముప్పై కాగితాల మీద మళ్ళీ ఆ నాలుగు వేళ్ళ ఖాళీ, అడ్డగీత, సంతకం. కాగితం దండగ అని స్టోర్సు వాళ్ళు సణుగుతారు. గీత గీసే ముందు ప్రతిసారీ ఆ ఖాళీని దగ్గరగా పెట్టుకుని చూస్తాను. ఇప్పటిదాకా అందులో ఏమీ కనబడలేదు. సాసర్లో నా వంకర పిన్నీసులు రెండే ఉంటున్నాయి.

ఫ్యాక్టరీ కాగితాలు బయటివాళ్ళకి చూపించకూడదు. అయినా ఆ కారణం గడిని ఒక్కదాన్ని ఫోటో తీసి ఆమెకు పంపాను. కింద ఏమీ రాయలేదు. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు మధ్యాహ్నం, నైట్రోజన్ పోసి బయటికి వచ్చి, ట్రేలోంచి ఫోన్ తీసుకుంటే ఒక్క ముక్క ఉంది.

"చూసా మేడం."

స్టూలు మీద కూర్చుని దాన్ని పదిసార్లు చదివాను. పక్క స్టూలు మీద నా డబ్బా పెట్టుకున్నాను. నేను అడగలేదు, ఆమె చూసింది. ఆమె అడిగింది, నేను చూడలేదు.